వడ్డీ మాత్రమే చెల్లించే గృహరుణం: సైబరాబాద్ ఉదాహరణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఈఎంఐకి, ప్రీ-ఈఎంఐకి తేడా వివరించగలుగుతారు.
• దశలవారీగా విడుదలయ్యే రుణంపై నెలసరి వడ్డీ లెక్కించగలుగుతారు.
• నిర్మాణం ఆలస్యమైతే కుటుంబంపై పడే భారాన్ని అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టూ ఉద్యోగాలు, వాటి వెంట ఇళ్ల గిరాకీ పెరిగాయి. కొండాపూర్, గచ్చిబౌలి దాటి కోకాపేట, తెల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు విస్తరించాయి. ఇక్కడ చాలామంది కొనేది కట్టిన ఇల్లు కాదు, కట్టబోయే ఇల్లు. అందుకే "ప్రస్తుతానికి వడ్డీ కడితే చాలు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలోని నిజమెంతో చూద్దాం. కాగితం, కలం దగ్గర పెట్టుకుని చదవండి.

2. భావన

ఈఎంఐలో రెండు భాగాలుంటాయి: వడ్డీ, అసలు. కొన్నేళ్లపాటు వడ్డీ మాత్రమే కట్టి అసలును అలాగే ఉంచే గృహరుణాలు బ్రిటన్, అమెరికాలలో ఉన్నాయి. మన దేశంలో వాటికి దగ్గరగా ఉన్నది ప్రీ-ఈఎంఐ. నిర్మాణంలో ఉన్న ఇంటికి బ్యాంకు రుణమంతా ఒకేసారి ఇవ్వదు. పని సాగిన కొద్దీ విడుదల చేస్తుంది. విడుదలైన సొమ్ముపై మాత్రమే మీరు వడ్డీ కడతారు. పూర్తి ఈఎంఐ ఆ తరువాత మొదలవుతుంది.

3. ఒక లెక్క

కొండాపూర్‌లో నెలకు రూ.25,000 అద్దె కడుతున్న దంపతులు తెల్లాపూర్‌లో నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొన్నారనుకుందాం. రుణం రూ.60 లక్షలు, వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు.

• మొదటి ఏడాది విడుదలైనది 12 లక్షలు: నెలకు వడ్డీ రూ.9,000
• రెండో ఏడాదికి మొత్తం 30 లక్షలు: నెలకు రూ.22,500
• మూడో ఏడాదికి మొత్తం 48 లక్షలు: నెలకు రూ.36,000

మూడేళ్లలో కట్టిన వడ్డీ రూ.8,10,000. అద్దె మరో రూ.9,00,000. ఇంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు.

రుణమంతా విడుదలయ్యాక ఈఎంఐ సుమారు రూ.53,984. మొదటి నెల అందులో వడ్డీ రూ.45,000, అసలు రూ.8,984. అంటే సిద్ధంగా ఉన్న ఇంటికి వడ్డీ మాత్రమే కట్టే వీలు దొరికినా, నెలకు మిగిలేది దాదాపు తొమ్మిది వేలే. మూడేళ్లు అలా కట్టి, మిగిలిన 17 ఏళ్లలో అసలు తీర్చాలంటే ఈఎంఐ రూ.57,500 దాటుతుంది. ఇది ఆదా కాదు, వాయిదా.

4. ఆలస్యమైతే

పై ఉదాహరణలో ఇల్లు ఒక ఏడాది ఆలస్యమైతే, మరేమీ విడుదల కాకపోయినా, వడ్డీ రూ.4,32,000, అద్దె రూ.3,00,000, మొత్తం రూ.7,32,000 అదనం. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పందం నుంచి తప్పుకుని సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చు, లేదా కొనసాగి ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ కోరవచ్చు. అయితే ఫిర్యాదు తేలి సొమ్ము చేతికొచ్చే వరకు బ్యాంకు వడ్డీ ఆగదు.

"ఇల్లు అప్పగించే వరకు వడ్డీ మేమే కడతాం" అని బిల్డర్ చెప్పే పథకాలూ ఉన్నాయి. రుణం మాత్రం మీ పేరునే ఉంటుంది. బిల్డర్ కట్టడం మానేస్తే బ్యాంకు అడిగేది మిమ్మల్నే. దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరే. అందుకే ఇటువంటి పథకాలకు దూరంగా ఉండాలని 2019 జూలైలో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ గృహరుణ సంస్థలకు సూచించింది.

5. పన్ను మినహాయింపు

పాత పన్ను విధానంలో సొంత నివాసపు వడ్డీపై ఏడాదికి గరిష్ఠ మినహాయింపు రూ.2 లక్షలు. నిర్మాణ కాలపు వడ్డీని ఇల్లు పూర్తయ్యాక ఐదు సమాన భాగాలుగా చూపవచ్చు, అదీ ఆ పరిమితిలోనే. మన దంపతులకు ఈఎంఐ మొదలైన ఏడాది వడ్డీయే సుమారు 5.35 లక్షలు. ఇద్దరూ సహయజమానులై చెరో 2 లక్షలు చూపినా పరిమితి నిండిపోతుంది. కనుక పాత వడ్డీకి ఆ ఏడాది అదనపు లాభం లేదు.

6. ఎప్పుడు అనుకూలం?

నిరీక్షణ తక్కువగా, గడువు తెలిసి ఉన్నప్పుడు ఈ పద్ధతి పనికొస్తుంది. నిర్మాణం చివరి దశలో ఉండటం, ఊళ్లో స్థలం అమ్మిన సొమ్ము త్వరలో రావలసి ఉండటం ఇటువంటివి. రెండు మూడేళ్లలో అమ్మేద్దామని కొనేవారు జాగ్రత్తపడాలి. అసలు తగ్గదు కాబట్టి లాభమంతా ధర పెరగడంపైనే ఆధారపడుతుంది. పెట్టిన రిజిస్ట్రేషన్ ఖర్చులు తిరిగి రావు.

సంతకానికి ముందు తెలంగాణ రెరాలో ప్రాజెక్టు నమోదును, పూర్తి చేస్తామన్న తేదీని చూడండి. తరువాత ఈ ప్రశ్న వేసుకోండి: ఇల్లు మరో ఏడాది ఆలస్యమై, అదే సమయంలో ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే, అద్దె, వడ్డీ కలిపి ఒక్క జీతంతో కట్టగలమా? కట్టలేమని తేలితే, చిన్న ఇల్లో, మరికొంత కాలం అద్దె ఇల్లో మేలు.

సారాంశం

ప్రీ-ఈఎంఐ అప్పు తెచ్చిన సొమ్ముకు కట్టే అద్దె వంటిది. అది సమయాన్ని ఇస్తుంది, ఇంటిలో వాటాను పెంచదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రూ.40 లక్షల రుణంలో సగం విడుదలైంది. వడ్డీ 9 శాతమైతే నెలసరి ప్రీ-ఈఎంఐ ఎంత? (జవాబు: రూ.15,000)
2. బిల్డర్ వడ్డీ కట్టే పథకంలో రుణగ్రహీతకు ఉండే ప్రమాదాన్ని వివరించండి.