తీగ కూడా సర్క్యూట్టే: ఆర్‌ఎఫ్ ఇంజినీర్ల వృత్తి

తుపాను తీరానికి ఇంకా దూరంగా ఉండగానే మచిలీపట్నం, విశాఖపట్నంలలోని డాప్లర్ వాతావరణ రాడార్లు దాన్ని గమనించడం మొదలుపెడతాయి. అవి పంపే మైక్రోవేవ్ తరంగాలు వాన చినుకులకు తగిలి వెనక్కి వస్తాయి. పంపిన శక్తితో పోలిస్తే తిరిగి వచ్చేది అత్యంత స్వల్పం. ఆ బలహీన సంకేతాన్ని నాయిస్ అనే రొద నుంచి వేరుచేసి పట్టుకునే సర్క్యూట్లను రూపొందించేవారే రేడియో ఫ్రీక్వెన్సీ (ఆర్‌ఎఫ్), మైక్రోవేవ్ ఇంజినీర్లు.

మామూలు ఎలక్ట్రానిక్స్‌కూ దీనికీ తేడా ఏమిటి? ఇంటికి వచ్చే కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 6,000 కిలోమీటర్లు. అందుకే గదిలోని తీగకు రెండు చివర్లా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లే. సర్క్యూట్ బోర్డు మీద అది ఇంకా తగ్గుతుంది. అప్పుడు రెండు సెంటీమీటర్ల రాగి గీత ఉత్త తీగగా మిగలదు. దాని పొడవు, వెడల్పు, వంపు, కింద ఉన్న పదార్థం అన్నీ సర్క్యూట్‌లో భాగమవుతాయి. ఇంపిడెన్స్ సరిపోలకపోతే శక్తిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

రిసీవర్‌లో మొదటి యాంప్లిఫయర్‌ది కీలకమైన బాధ్యత. అది కలిపిన రొదను తర్వాతి దశలు సంకేతంతో పాటే పెంచుతాయి. పుణె సమీపంలోని ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలతో పనిచేసే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుకైనా, జేబులోని మొబైల్‌కైనా ఈ సూత్రం ఒకటే.

ఈ రంగానికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ మైక్రోవేవ్‌లతో బహిరంగ ప్రదర్శన ఇచ్చారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో ఎస్-బ్యాండ్ రాడార్ ఇస్రో రూపొందించినదే.

ఈ వృత్తిలోకి సాధారణ దారి ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్. చాలామంది విద్యార్థులు భయపడే విద్యుదయస్కాంత సిద్ధాంతమే దీనికి పునాది. హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్, బెంగళూరులోని ఎల్‌ఆర్‌డీఈ, అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఈ నైపుణ్యం అవసరమైన సంస్థలు. 5జీ పరికరాలు, మొబైల్ చిప్‌లు, 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే కారు రాడార్లు ప్రైవేటు రంగంలో అవకాశాలు కల్పిస్తున్నాయి.

అయితే ఇక్కడ ఎదుగుదల నిదానం. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే సాయంత్రానికల్లా సరిదిద్దవచ్చు. మైక్రోవేవ్ చిప్‌లో తప్పు దొర్లితే మళ్లీ తయారై రావడానికి నెలలు పడుతుంది. కంప్యూటర్‌లో బాగా పనిచేసిన ఫిల్టర్, లోహపు పెట్టెలో బిగించాక వేరేలా ప్రవర్తించవచ్చు. నెట్‌వర్క్ ఎనలైజర్ ముందు కూర్చుని కారణం వెతకడం పుస్తకాల వల్ల మాత్రమే రాదు. అనుభవజ్ఞుల పక్కన ఏళ్ల తరబడి పనిచేస్తేనే అబ్బుతుంది. తొలి ఏళ్లలో ఓపిక పరీక్షకు గురయ్యేది ఇందుకే. అనుభవానికి విలువ పెరిగేదీ ఇందుకే.

కాలేజీలో ఉండగానే మొదలుపెట్టడం మంచిది. ఒక చిన్న ఫిల్టర్‌ను లెక్కగట్టి, బోర్డు మీద చేసి, కొలిచి చూడాలి. లెక్కకూ కొలతకూ తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే ఈ వృత్తిలో తొలి పాఠం వచ్చినట్టే. రిసీవర్ ముఖద్వారం దగ్గరే రొదలో కలిసిపోయిన సమాచారాన్ని వెనుక ఎంత శక్తిమంతమైన కంప్యూటర్ ఉన్నా పూర్తిగా తిరిగి తేలేదు. తుపాను హెచ్చరిక నాణ్యత కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.