నరం దాకా సన్నని దారి

ఎల్4–ఎల్5 అనే మాట ఇవాళ తెలుగు ఇళ్లలో బీపీ, షుగర్లంత మామూలైపోయింది. ఎమ్మారై కవరు చంకలో పెట్టుకుని "డిస్కు జారిందట, నరం నొక్కుకుపోయిందట" అని చెప్పేవాళ్లు వీధికొకరు ఉంటారు. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం ఎవరో ఒకరు అందుకుంటారు: వెన్ను మీద కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని.

నిజానికి వెన్నుపాము ఎల్4–ఎల్5 దాకా, అంటే నాలుగో, ఐదో నడుము పూసల దాకా, రాదు. పెద్దవాళ్లలో అది నడుము పైభాగంలో, మొదటి రెండు నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద ఉండేవి విడివిడి నరాల పాయలు. జారిన డిస్కు మామూలుగా నొక్కేది వాటిలో ఒకదాన్ని. నొప్పి నడుములో మొదలై పిర్ర మీదుగా పిక్కలోకి, మడమలోకి కరెంటు కొట్టినట్టు దిగేది అందుకే. అయినా ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. ఆ ఒక్క నరం దాకా చేరడానికి సర్జన్లు ఒకప్పుడు నడుము మీద చేసిన గాయం చిన్నది కాదు.

అసలు నొక్కుతున్నది డిస్కేనని తెలియడానికే చాలాకాలం పట్టింది. డిస్కు అంటే రెండు పూసల మధ్య ఉండే మెత్త. చుట్టూ గట్టి నార పొరలు, లోపల జిగురు గుజ్జు. పొర చిరిగితే గుజ్జు బయటికి తోసుకొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నడుము తెరిచిన సర్జన్లకు ఆ ముద్ద కనబడితే అది మృదులాస్థి కణితి అనుకున్నారు, తీసేశారు, కణితి అనే రాసుకున్నారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో న్యూరోసర్జన్ విలియం జేసన్ మిక్స్టర్, ఎముకల వైద్యుడు జోసెఫ్ బార్ కలిసి, కణితులని దాచిపెట్టిన పాత నమూనాలను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. వాటిలో చాలా మటుకు డిస్కు ముక్కలే. 1934లో 19 మంది రోగుల వివరాలతో వాళ్లు ప్రచురించిన వ్యాసంతో సయాటికాకు, అంటే కాల్లోకి దిగే ఆ నొప్పికి, ఒక కారణం, ఆ కారణానికి ఒక ఆపరేషన్ దొరికాయి.

ఆ ఆపరేషన్‌లో అసలు పని చిటికెడంత. నరాన్ని పక్కకు జరిపి ముద్దను లాగేయడం. దానికి వేసిన దారే పెద్దది. నడుము మీద పొడవాటి కోత, ఎముక నుంచి కండరాలను ఒలవడం, పూస వెనకవైపు ఎముకను విరివిగా కొరికేయడం. ముద్ద పోయి కాలి నొప్పి తగ్గేది, కానీ కండరం మానడానికి నెలలు పట్టేది. 1934 నుంచి ఇప్పటిదాకా ముద్దను తీయడమనే పని మారలేదు. ఈ తొంభై ఏళ్ల కథంతా దారి గురించే.

కత్తే వద్దనుకున్నవాళ్లూ లేకపోలేదు. 1956లో అమెరికన్ వైద్యుడు లూయిస్ థామస్ కుందేళ్లకు పపైన్ ఎక్కిస్తే, నిటారుగా ఉండే వాటి చెవులు వాలిపోయాయి. పపైన్ పచ్చి బొప్పాయి పాలలో ఉండే ఎంజైమ్. హైదరాబాద్‌లో కబాబుల మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది దాని కోసమే. చెవిలోని మృదులాస్థిని కరిగించేది డిస్కు గుజ్జును కరిగించదా అని ఇల్లినాయ్‌కి చెందిన లైమన్ స్మిత్ ఆలోచించాడు. బొప్పాయి నుంచే తీసిన కైమోపపైన్‌ను 1960ల మొదట్లో సూదితో నేరుగా మనుషుల డిస్కులోకి ఎక్కించాడు. చాలామందికి పనిచేసింది కూడా. 1982లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తీరా వాడకం పెరిగాక కొందరిలో ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ, అరుదుగా వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోవడం బయటపడ్డాయి. 2003లో అక్కడ అమ్మకం ఆగిపోయింది. నడుము వైద్యంలో ఇంత అందమైన ఊహ ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఓడిపోయినా ఒక సంగతి నేర్పిపోయింది: డిస్కును చేరడానికి వీపు తెరవక్కర్లేదు, పక్కనుంచి ఒక సూది చాలు.

ఆ సూదిని కాస్త లావు చేస్తే? టోక్యోలో సదహిసా హిజికాతా 1975లో చర్మం గుండా సన్నని గొట్టం పంపి, లోపలి గుజ్జును చిన్న పట్టకారుతో తీసిన పద్ధతిని వెల్లడించాడు. ఇంచుమించు అదే కాలంలో ఫిలడెల్ఫియాలో పర్వీజ్ కాంబిన్ అదే దారి పట్టాడు. గొట్టం గుడ్డిగా వెళ్లి నరాన్ని గుచ్చితే గతేమిటన్నది అందరి భయం. కాంబిన్ చేసిన గొప్ప పని ఆ భయానికి ఒక పటం గీయడం. డిస్కు వెనక పక్కభాగంలో ఒక త్రికోణం ఉంది. ఏటవాలుగా బయటికి దిగే నరం ఒక అంచు, కింది పూస పైగట్టు అడుగు, లోపలివైపు నరాల సంచీ, కిందికి వెళ్లే మరో నరం కలిసి మూడో అంచు. ఈ మూడింటి మధ్య ఖాళీలోంచి వెళ్తే ఏ నరాన్నీ తాకకుండా డిస్కులోకి దిగొచ్చు. ఇవాళ్టికీ సర్జన్లు దాన్ని కాంబిన్ త్రికోణమనే అంటారు.

మరోవైపు వీపు మీది దారిని వదలకుండానే దాన్ని కుదించినవాళ్లు ఉన్నారు. 1977లో జ్యూరిక్‌లో యాసర్‌గిల్, జర్మనీలో కాస్పర్ అనే సర్జన్లు ఆపరేషన్ మైక్రోస్కోపును నడుము మీదికి తెచ్చారు. కోత రెండు మూడు సెంటీమీటర్లకు దిగింది. దీని పేరు మైక్రోడిస్కెక్టమీ. కొత్త పద్ధతి ఏది వచ్చినా ఇప్పటికీ దీనితోనే పోల్చి చూస్తారు.

గొట్టానికి కన్ను ఎలా వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1806లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బొజ్జినీ అనే యువ వైద్యుడు, కొవ్వొత్తి వెలుగును అద్దంతో గొట్టంలోకి మళ్లించి శరీరం లోపల చూసే పరికరం చేశాడు. వియన్నా వైద్య పెద్దలకు అది నచ్చలేదు. మూడేళ్లకే టైఫస్ జ్వరంతో అతను చనిపోయాడు. తర్వాత గొట్టాలు చాలానే వచ్చాయి. 1931లో న్యూయార్క్‌లో మైఖేల్ బర్మన్ శవాల వెన్నెముకల్లోకి అలాంటిదొకటి పంపి చూశాడు. కొన్నేళ్లకు లారెన్స్ పూల్ బతికున్న రోగుల్లోకే దించాడు. చూడటం వరకే, తీయడానికి వీల్లేదు. పైగా ఆ కాలపు గొట్టాల్లో బొమ్మ మసక.

మసకను పోగొట్టింది వైద్యుడు కాదు, ఇంగ్లండులో కాంతిశాస్త్రం చెప్పే హెరాల్డ్ హాప్కిన్స్. పాత గొట్టంలో పొడవునా గాలి, నడుమ నడుమ చిన్న గాజు కటకాలు. హాప్కిన్స్ దాన్ని తిరగేశాడు. పొడవునా గాజు కడ్డీలు పెట్టి, వాటి మధ్య సన్నని గాలి పొరలు వదిలాడు. కటకం పని ఆ గాలి పొరే చేస్తుంది. వెలుగు ఎన్నో రెట్లు పెరిగింది, బొమ్మ స్ఫుటమైంది. 1959లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు గానీ సొంత దేశంలో పట్టించుకున్న కంపెనీ లేదు. చివరికి జర్మనీలోని టుట్లింగెన్‌లో పరికరాలు తయారుచేసే కార్ల్ స్టోర్జ్ 1960ల నడుమ దాన్ని అందుకున్నాడు. దీపాన్ని బయట పెట్టి, వెలుగును మాత్రం గాజుపోగుల కట్ట గుండా లోపలికి పంపే పద్ధతి స్టోర్జ్ దగ్గర అప్పటికే ఉంది. గాజుపోగుల కట్టలో బొమ్మను పంపవచ్చని 1954లో నేచర్ పత్రికలో చూపించింది కూడా హాప్కిన్సే, పంజాబ్‌లోని మోగాకు చెందిన తన శిష్యుడు నరీందర్ సింగ్ కపానీతో కలిసి.

ఈ కన్ను, కాంబిన్ చూపిన దారి కలవడానికి ఇంకా సమయం పట్టింది. 1980లలో స్విట్జర్లాండ్‌లోనూ, కాంబిన్ దగ్గరా డిస్కులోకి ఎండోస్కోపు, అంటే కన్నున్న గొట్టం, దిగింది. 1990ల చివర్లో అరిజోనాలో ఆంథనీ యంగ్ తయారుచేసిన స్కోప్‌లో కటకం, వెలుగు, నీళ్లు వచ్చే పోయే దారులు, పనిముట్టు దూరే రంధ్రం, అన్నీ ఒకే కడ్డీలో ఇమిడాయి. గొట్టం మందం ఏడెనిమిది మిల్లీమీటర్లు. 1997లో మెంఫిస్‌లో కెవిన్ ఫోలీ, మారిస్ స్మిత్ ఇంకో మార్గం చూపారు: వీపు వైపు నుంచి ఒకదాని మీద ఒకటిగా గొట్టాలు తొడుగుతూ కండరాన్ని కోయకుండా విడదీసి, చివరి గొట్టంలోంచి పనిచేయడం.

పక్కనుంచి చేసే పద్ధతిలో చాలాచోట్ల మత్తు ఆ చోటు వరకే ఇస్తారు, రోగి మెలకువగానే ఉంటాడు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూది, దాని మీద తీగ, తీగ మీద గొట్టం. నరం దగ్గరికి వెళ్తే "డాక్టరుగారూ, కాల్లోకి లాగుతోంది" అని రోగే చెబుతాడు. ఇంత నమ్మకమైన అలారం ఏ యంత్రంలోనూ లేదు. లోపల ఉప్పునీరు ఆగకుండా పారుతూ నెత్తుటి చారలను కడిగేస్తుంది. సర్జన్ రోగిని కాక టీవీని చూస్తూ చేస్తాడు. మన దగ్గర చాలామంది దీన్ని లేజర్ ఆపరేషన్ అంటారు. లేజర్ వాడే పద్ధతులూ ఉన్నాయి గానీ ఎక్కువగా పనిచేసేవి చిన్న పట్టకారు, చిన్న డ్రిల్లు, రేడియో తరంగాలతో కాల్చే ఒక కొన. అన్నిటికన్నా కింద ఉండే ఎల్5–ఎస్1 డిస్కు దగ్గర తుంటి ఎముక అడ్డొస్తే పక్క దారి కుదరదు, వెనక నుంచి పూసల మధ్య సందులోంచి వెళ్లాలి. ఇటీవల కొరియా సర్జన్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రంధ్రాలు రెండు, ఒకటి కంటికి, ఒకటి చేతికి.

ఇక ప్రకటనల్లో కనిపించని లెక్కలు. నెదర్లాండ్స్‌లో 328 మంది మీద వీపు వైపు నుంచి వెళ్లే గొట్టం పద్ధతిని మైక్రోడిస్కెక్టమీతో పోల్చి 2009లో ఫలితం ప్రకటించారు: గొట్టం మెరుగని తేలలేదు, నొప్పి విషయంలో కాస్త వెనకబడింది కూడా. 2022లో అదే దేశం నుంచి 613 మందితో వచ్చిన అధ్యయనంలో పక్కనుంచి వెళ్లే ఎండోస్కోపు, ఏడాది తర్వాత కాలి నొప్పి విషయంలో, పాత పద్ధతికి తీసిపోలేదు. తీసిపోలేదనే తేలింది, మించిపోయిందని కాదు. సన్నని దారి వల్ల మిగిలేది మొదటి రోజుల్లో: తక్కువ నెత్తురు, చిన్న గాయం, త్వరగా లేచి నడవడం. అదీ చేయి తిరిగిన సర్జన్ దగ్గరే. ఈ పని నేర్చుకోవడం కష్టం.

అంతకన్నా ఆలోచించాల్సిన లెక్క ఇంకొకటి. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకు ఆగి చూడటం అని నిర్ణయించారు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం మొదటి జట్టు సగటున నాలుగు వారాల్లో, రెండోది పన్నెండు వారాల్లో కోలుకుంది. ఆగి చూసినవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది బాగుపడ్డారు. నొప్పే లేని మనుషుల్ని స్కాన్ చేసినా ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతానికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతానికి డిస్కు అరుగుదల కనిపిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణ చెబుతోంది. ఎమ్మారై కాగితం ఒక్కటే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదనేది అందుకే.

ఆగకూడని సందర్భం వేరే ఉంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా నొక్కుకుపోయింది ఒక నరం కాదు, కింది నరాల కట్ట మొత్తం. అప్పుడు వారాలు కాదు, గంటలు లెక్క. చాలాచోట్ల ఆ రాత్రే మామూలు పద్ధతిలో, ఎముకను విశాలంగా తెరిచి నరాలకు చోటిస్తారు.