సైకిలు కొట్టులో పుట్టిన కారు

పాత కార్లను ఇష్టపడేవారు పాత సైకిళ్ళ వంక చూడరని కొందరి అభిప్రాయం. ఇంగ్లండులో పాత బండ్లను కాపాడుకొనే కుటుంబాల విషయంలో ఆ మాట నిలువదు. తండ్రి మోరిస్ కారు బానెట్టు ఎత్తి చూస్తుంటే, పిల్లలు తాతగారి ర్యాలీ సైకిలు చెయినుకు నూనె వేస్తుంటారు. ఆ రెండు బండ్లూ ఒకే ఇంటి బిడ్డలు.

విలియం మోరిస్ అనే బాలుడు 1893లో, చిన్న వయసులోనే, ఆక్స్‌ఫర్డులో తండ్రిగారి ఇంటివద్ద సైకిళ్ళు బాగుచేయడం మొదలుపెట్టాడు. పెట్టుబడి నాలుగు పౌండ్లు. అతడు స్వయంగా తయారుచేసిన మొదటి సైకిలు ఆ ఊరి సెయింట్ క్లెమెంట్స్ సంఘ గురువుగారి కోసం. ఆయన భారీ మనిషి గనుక 27 అంగుళాల ఫ్రేము కట్టవలసి వచ్చింది. (గురువులను మోయడం ఏ కాలంలోనూ తేలిక కాదు కాబోలు!) ఆ చేతులే 1913లో మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును బయటికి తెచ్చాయి. అదే పేరుతో 1950లలో వచ్చిన మరొక కారు మన దేశానికి వచ్చి అంబాసిడరు అయింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఆ కారును ఎరుగని తెలుగువారుండరు. పెండ్లికొడుకును ఊరేగించినదీ అదే, రోగిని పట్నం ఆసుపత్రికి చేర్చినదీ అదే.

రోవరు సంగతీ అంతే. 1885లో కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ ఆ పేరుతో సైకిలు చేశాడు. రెండు చక్రాలు ఇంచుమించు సమానం, వెనుక చక్రానికి చెయిను. నేటి మన సైకిలు రూపం దాదాపు అదే. రోవరు కారు 1904లో గాని రాలేదు.

రోడ్ల విషయంలో కూడా కారు సైకిలుకు ఋణపడి ఉన్నది. కార్లు రాకముందే, 1886లో, ఇంగ్లండు సైకిలు సంఘాలవారు మంచి రోడ్ల కోసం ఒక సంస్థ పెట్టి పోరాడారు. ఆ రోడ్లమీదికి తరువాత వచ్చిన తమ్ముడు అన్నను అంచుకు నెట్టివేశాడు. పుస్తకాల సంచులతో హైవే అంచున సైకిలు తొక్కుకుంటూ బడికి పోయే మన పిల్లలను చూసినప్పుడల్లా మాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

1905కు ముందటి కార్లు ఏటా నవంబరు మొదటి ఆదివారం లండను నుండి బ్రైటనుకు సుమారు 60 మైళ్ళు నడుస్తాయి. ఆదివారం అనేది మాకంతగా రుచించలేదు గాని, మెల్లగా సాగే ఆ బండ్లను చూడాలని మాత్రం ఉన్నది.

అంత దూరం పోనక్కరలేదు. మీ వసారాలో తాతగారి సైకిలు తుప్పు పట్టి ఉంటే, పాత ఇనుమువాడికి తూచి ఇచ్చే ముందు ఒక్కసారి పరిశీలించండి. ముందు గొట్టంమీద కొంగ తల బిళ్ళ ఉంటే అది ర్యాలీ. దానిమీద నాటింగ్‌హాం అని ఉంటే ఓడమీద వచ్చినది. అసన్సోల్‌లో తయారైన ర్యాలీలు కూడా మన ఊళ్ళలో చాలా తిరిగాయి. కిరసనాయిలు గుడ్డతో తుడవండి, చెయినుకు నూనె పెట్టండి, రాడ్ బ్రేకుల రబ్బర్లు మార్పించండి. ఈ పని తెలిసిన పెద్ద మేస్త్రీ మీ ఊళ్ళో ఇంకా ఉంటే పిల్లలను ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఆయన తరువాత అడిగేందుకు ఎవరూ ఉండకపోవచ్చు. తరువాత చెరువు గట్టుదాకా తొక్కి రమ్మని మనుమరాలికి ఇవ్వండి. సీటు మాత్రం ముందే దించాలి, తాతగారి కాళ్ళు పొడవు.