ట్రాక్టరుకు అదనపు దీపాలు - తీగ కలిపే పద్ధతి



అల్వాల్ 2007లో మహానగరంలో కలిసిపోయింది. అయినా తూముకుంట, శామీర్‌పేట, మేడ్చల్ వైపు పొలాలున్న రైతులకు ట్రాక్టరుతో రోడ్డెక్కక తప్పదు. ఎండకు తాళలేక రాత్రి దుక్కి చేసేవారున్నారు. చీకటి పడ్డాక గడ్డి ట్రాలీ తోలేవారూ ఉన్నారు. అందుచేత ట్రాక్టరుకు అదనంగా దీపాలు, పాటల పెట్టె, సెల్‌ఫోను ఛార్జరు బిగించుకోవడం మామూలైంది. బిగించుకోండి, తప్పులేదు. కాని తీగ కలిపే తీరు తెలియకపోతే ఆ దీపమే గడ్డికి నిప్పవుతుంది.

"బ్యాటరీ 12 వోల్టులే గదా, షాకు కొట్టదు, భయమెందుకు?" అంటారు కొందరు. షాకు కొట్టని మాట నిజమే. కాని తీగను వేడెక్కించేది అందులో పారే కరెంటు, అంటే ఆంపియర్లు. లెక్క చూడండి. 55 వాట్ల దీపాలు రెండైతే 110 వాట్లు. ఇంట్లో 230 వోల్టుల మీద ఇంత బరువుకు అర ఆంపియరు కూడా పట్టదు. అదే 12 వోల్టుల బ్యాటరీ మీద 9 ఆంపియర్లు దాటుతుంది. చిన్న కాలువలోకి పెద్ద నీరు వదిలితే గట్టు తెగుతుంది. అట్లాగే సన్నతీగ వేడెక్కి, పై తొడుగు కరిగిపోతుంది. ఆ తీగ ఇనుముకు తగిలిందా, బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఇక మంటే!

కాబట్టి ఈ రెండు దీపాలకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వాడండి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. దూరంగా పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకూ నడుమ ఉన్న తీగకు కాపలా ఉండదు. ఫ్యూజు ఉన్నది దీపం కోసం కాదు, తీగ కోసమని గుర్తుంచుకోవాలి. అది పోతే ఎందుకు పోయిందో వెతకాలి గాని, రాగిపోగు చుట్టి పని నడిపించరాదు.

ట్రాక్టరుకు ముందే ఉన్న హెడ్‌లైటు తీగను కోసి కొత్త దీపాలు కలపకండి. ఆ తీగా, ఆ స్విచ్చీ ఇంత బరువు మోయవు. రిలే అనే చిన్న పెట్టె వాడండి. ఫ్యూజు నుంచి వచ్చే తీగను దాని 30 అంకె కాలికి, దీపాల తీగను 87కు కలపాలి. 86కు స్విచ్చి తీగ, 85కు ట్రాక్టరు ఇనుము. స్విచ్చికి కరెంటు తాళంచెవి తిప్పితేనే వచ్చేటట్లు, చిన్న ఫ్యూజు గల తీగనుంచి తీసుకోండి. అప్పుడు చెవి తీయగానే దీపాలు ఆరిపోతాయి, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోదు. దీపాల రెండో తీగను, రంగు గీకి శుభ్రం చేసిన ఇనుముకు బోల్టుతో బిగించాలి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. దాన్ని చివరన బిగించండి. ప్లస్ మీద ఉన్న పానా ఇనుముకు తగిలినా అప్పుడు నిప్పురవ్వ లేవదు. బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు మండే వాయువు వస్తుంది. దగ్గర బీడీ వెలిగించరాదు. రేకులో రంధ్రం గుండా తీగ పోయేచోట రబ్బరు గాజు తొడగాలి. సైలెన్సరుకు దూరంగా తీగను కట్టాలి.

అంతా అయినాక ఇంజను నడిపి, దీపాలన్నీ వెలిగించి, బ్యాటరీ వోల్టేజి కొలిపించండి. 13.5 నుంచి 14.5 వరకు ఉంటే ఆల్టర్నేటరు ఆ బరువు మోస్తున్నదన్నమాట. 12.5 కంటె దిగితే బరువు తగ్గించాలి. ఎల్‌ఈడీ దీపాలైతే తక్కువ వాట్లకే అంత వెలుగిస్తాయి.

చివరిగా ఒక్క మాట. పొలం దీపాలు పొలంలోనే. రాజీవ్ రహదారి ఎక్కే ముందు వెనుకకు చూసే తెల్లదీపాన్ని ఆర్పండి. అది వెనుక వచ్చేవాని కళ్లు చీకట్లు కమ్మిస్తుంది. ట్రాలీ వెనుక ఎర్రదీపాలు వెలుగుతున్నవో లేదో దిగి చూసుకోండి. మీరు వినిపించే పాటకన్నా, ఆ ఎర్రదీపమే మిమ్మల్ని క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.