కేస్లాపూర్ నుండి చిక్కడపల్లి దాకా

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే వారందరికీ ఒక బిట్టు కంఠస్థం. కొమురం భీం అమరుడైన సంవత్సరం? 1940, జోడేఘాట్. గోండు బిడ్డలమైన మాకు అది బిట్టు మాత్రమే కాదు. "మీ వాళ్లు ఇంకా అడవిలోనే ఉంటారా?" అని నారాయణగూడ హాస్టల్ గదుల్లో, అశోక్ నగర్ టీ కొట్ల దగ్గర మమ్మల్ని అడిగే మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర మొదలవుతుంది. మెస్రం వంశీయులు జన్నారం వైపు హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. బస్సులున్నా, ఆటోలున్నా ఆ నీటి కోసం కాలినడకనే వెళ్తారు. కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే 'భేటింగ్' కూడా అప్పుడే.

ఇక అదే జాతరలో దర్బారు! భీం మరణం తరువాత నిజాం ప్రభుత్వం తరఫున గోండుల స్థితిగతులు తెలుసుకొనడానికి వచ్చిన ఆస్ట్రియా పండితుడు హైమన్‌డార్ఫ్ దీన్ని మొదలుపెట్టించారు. పూజ ఒక పక్క, అధికారుల ముందు భూమి పట్టాల అర్జీలు ఒక పక్క. 2022లో మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకొని నాగోబాకు కొత్త రాతిగుడి కట్టుకున్నారు.

మా దిగులంతా భాష గురించే. గోండీ కూడా ద్రావిడ భాషే. నీటిని మేము 'ఏర్' అంటాము, మీ 'ఏరు'తో పోల్చి చూడండి. 2011 జనాభా లెక్కల్లో 29 లక్షల మందికి పైగా తమ మాతృభాష గోండీ అని చెప్పారు. అయినా ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలూ వచ్చాయి. మా తరం మాత్రం తెలుగు మీడియంలోనే చదివింది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాతల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కంప్యూటర్‌కు వచ్చిన ఆ లిపి మాకే రాదు! అమ్మతో ఫోనులో గోండీతో మొదలుపెడతాము, నోటిఫికేషన్, సిలబస్ అనే మాటలు రాగానే తెలుగులోకి జారిపోతాము.

నిరుడు జాతర రోజుల్లోనే ఒక పరీక్ష పడింది. పరీక్ష రాసి, ఆ రాత్రే బస్సెక్కి దర్బారు నాటికి చేరాము. మహాపూజ మాత్రం దక్కలేదు. చదువు రాని తాత మా హాల్ టికెట్టు అటూ ఇటూ తిప్పి, ఇందులో మన ఇంటిపేరు ఎక్కడుంది అని గోండీలో అడిగాడు. చూపించాము.