మత్తు నుండి చెరసాల వరకు

ఈ మాటలు రేడియోలో విన్నవారు మీలో కొందరు ఉండవచ్చును. పత్రిక చేతపట్టుకొని కూర్చున్న మీతో అదే సంగతి ఇంకొంచెము నెమ్మదిగా మాట్లాడాలని ఆశపడుతున్నాను.

కొన్నేళ్ళ క్రితము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి అందరూ వెళ్ళేవరకు ఆగి నా దగ్గరకు వచ్చినది. “అయ్యగారూ, పిల్లాడు కాలేజీకి సరిగా వెళ్ళటం లేదండి. కళ్ళెప్పుడూ ఎర్రగా ఉంటున్నాయి. మొన్న బీరువాలో పెట్టిన నా దుద్దులు కనబడటం లేదండి” అని మెల్లగా చెప్పినది. నేను ప్రార్థన చేశాను. చేసి ఏమన్నానో తెలుసా? “అమ్మా, ఈ సంగతి ఇంకెవరితోను అనకండి. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు గదా” అన్నాను. ఆమె నా మాట తప్పలేదు. రెండేళ్ళు ఎవరితోను అనలేదు. ఆ తరువాత ఆ అబ్బాయి ఒక రైల్వే స్టేషను దగ్గర 22 కిలోల గంజాయి సంచితో పట్టుబడ్డాడు.

వ్యసనము మనిషిని నేరములోనికి ఎలా నడిపిస్తుంది? దీనిని గూర్చి పాల్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా పరిశోధకుడు 1985లో ఒక వివరణ ఇచ్చాడు. మత్తు తలకెక్కి చేసే నేరము ఒకటి. తాగి వచ్చి భార్యను కొట్టేవాని సంగతి మనకు కొత్త కాదు. మత్తు కొనుటకు డబ్బు లేక చేసే నేరము ఇంకొకటి. అది సాధారణముగా పరాయి ఇంటిలో మొదలవదు. తల్లి బీరువాలోనే మొదలవుతుంది. మూడవది ఆ సరుకు వ్యాపారములోనుండే పుట్టే నేరము. మా అబ్బాయి రెండవ దానినుండి మూడవ దానిలోనికి జారిపోయాడు. ఇంట్లో దొంగిలించడానికి ఇక ఏమీ మిగలనప్పుడు, వానికి సరుకు అమ్మేవాడే, “ఈ సంచి అక్కడ దించిరా, నీకు కావలసినది నేనిస్తాను” అన్నాడు. గంజాయి తాగే ప్రతివాడు దొంగ అవుతాడని నేను చెప్పటం లేదు, చాలామంది అవ్వరు. అయితే అప్పుపడి, ఇంటివారికి ముఖము చూపలేక తిరిగేవానిని ఆ వ్యాపారము చాలా సులువుగా గుర్తుపడుతుంది.

ఆ సరుకు ఎక్కడిదో మన ఉత్తరాంధ్రవారికి చెప్పనక్కరలేదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో గంజాయి సాగు ఎన్నో ఏళ్ళుగా జరిగినది. 2021 అక్టోబరు చివర మన పోలీసువారు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. ఆ తరువాత కూడా రవాణా ఆగలేదు. పట్టుబడేవారు ఎవరు? పెట్టుబడి పెట్టినవాడు చాలా అరుదుగా దొరుకుతాడు. దొరికేది సంచి మోసినవాడు: గిరిజన కూలి, ఆటో డ్రైవరు, చదువు మానేసిన కుర్రవాడు, ఒక్కొక్కసారి పసిబిడ్డను ఎత్తుకొన్న స్త్రీ.

ఇప్పుడు చట్టము సంగతి కొంచెము ఓపికతో చదవండి. మన దేశములో మత్తుపదార్థముల చట్టము 1985లో వచ్చినది. 2001లో దానిని సవరించి, దొరికిన సరుకు బరువునుబట్టి శిక్ష నిర్ణయించారు. గంజాయి విషయములో ఒక కిలో లోపు చిన్న పరిమాణము. ప్రస్తుతము దానికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండును. ఒక కిలో నుండి 20 కిలోల వరకు ఉంటే 10 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చును. 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణము. నేరము రుజువైతే 10 ఏళ్ళకు తక్కువ కాకుండా 20 ఏళ్ళ వరకు శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. అంతేకాదు, 37వ సెక్షను ప్రకారము, ఇతడు నిర్దోషి అని నమ్ముటకు తగిన ఆధారమున్నదని, బయటకు వస్తే మళ్ళీ నేరము చేయడని కోర్టు తృప్తిపడితేనే బెయిలు. మా అబ్బాయి సంచిలో పైన ఉన్న ఆ రెండు కిలోల బరువు ఎంతో ఆలోచించండి. ఆ సంచి కట్టినది వాడు కాదు. అందులో ఎన్ని కిలోలున్నవో కూడా వాడు చూడలేదట.

అదే చట్టములో ఇంకొక సెక్షను ఉన్నది. దానిని మన సంఘములలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. 64ఎ సెక్షను. వ్యసనపరుడు మత్తు వాడినందుకు గాని, చిన్న పరిమాణముతో గాని కేసులో చిక్కినప్పుడు, తానే ఇష్టపూర్వకముగా ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలో చికిత్సకు ఒప్పుకొని దానిని పూర్తిచేస్తే, అతనిని ఆ నేరమునకు ప్రాసిక్యూట్ చేయరాదు. శిక్షపడినవానిని కూడా చికిత్స కొరకు విడిచిపెట్టే అధికారము 39వ సెక్షను కోర్టుకు ఇచ్చినది. అయితే ఈ రెండును చిన్న పరిమాణమువరకే. సంచి పెద్దదైతే ఆ దారి మూసికొనిపోతుంది. ఆ తల్లి నా దగ్గరకు వచ్చిన రోజున వాని జేబులో ఉన్నది చిన్న పొట్లము మాత్రమే. చికిత్సకు సమయము అదే. ఆ సమయమును నేను పరువు పేరు చెప్పి ఖర్చుచేశాను.

జైలుకు వెళ్తే బుద్ధి వస్తుందని మనము అంటుంటాము. 2022 గణాంకముల ప్రకారము మన దేశపు జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. గంజాయి కేసులో 23 ఏళ్ళ వయస్సులో పట్టుబడి, విచారణ తెమలక ఏడేళ్ళకు పైగా లోపల ఉన్న ఒక యువకునికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినది. 37వ సెక్షను ఉన్నంతమాత్రమున మితిమీరిన ఆలస్యమును చూడకుండా ఉండలేమని చెప్పినది. ఏడేళ్ళు! పట్టుబడిననాడు పుట్టిన బిడ్డ బడికి పోయే ఈడు. గోడలమధ్య మత్తు దొరకకపోవచ్చును గాని, దాని మీద ఆశను గోడ తీసివేయదు. దానికి వైద్యుడు కావాలి, మాట్లాడే మనిషి కావాలి.

బయటకు వచ్చిన తరువాతి రోజులు ఇంకా ప్రమాదకరము. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ఒక నివేదిక ప్రచురించారు. విడుదలైన మొదటి రెండు వారాలలో వారు చనిపోయే అవకాశము సాధారణ ప్రజలకన్న సుమారు 12.7 రెట్లు ఎక్కువ. మత్తు మోతాదు మించి చనిపోయే అవకాశమైతే 129 రెట్లు. లోపల ఉన్నంతకాలము శరీరము ఆ అలవాటు మరచిపోతుంది. బయటకు రాగానే పాత మోతాదే తీసుకొంటే ప్రాణము పోతుంది. ఇది హెరాయిన్‌కు, మత్తు ఇంజెక్షన్లకు చెందిన మాట, గంజాయి అలా చంపదు. అయినా ఏ మత్తుకు లోబడినవాడైనా జైలు గుమ్మము దాటగానే మొదట ఎవరిని కలుస్తాడన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ సంచి ఇచ్చినవాడు ఫోను చేయడానికి ఆలస్యము చేయడు. పౌలు ఫిలేమోనుకు పత్రిక వ్రాసింది ఇటువంటి గుమ్మము గూర్చియే గదా. ఒనేసిము తిరిగి వచ్చినప్పుడు తలుపు తీసేవాడొకడు ఉండాలి.

కాబట్టి మీ ఇంటిలో ఆ తల్లి చూసిన గురుతులు కనబడితే ప్రార్థన చేయండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు కూడా వెళ్ళండి. వ్యసన విముక్తి కొరకు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉన్నది. మీవారు ఇప్పటికే జైలులో ఉంటే వకీలుకు డబ్బులేదని కూర్చోవద్దు. నిర్బంధములో ఉన్నవానికి ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు వ్రాస్తే చాలును. సంఘ కాపరులైన నా సహోదరులు ఆ దరఖాస్తు వ్రాసిపెట్టడానికి వెనుదీయవద్దని మనవి.

మా అబ్బాయి కేసు ఇంకా నడుస్తున్నది. ములాఖత్‌కు మొదటిసారి ఆ తల్లితో వెళ్ళినప్పుడు జాలీకి అటువైపు నిలబడి వాడు నన్ను అడిగినది ఒక్కటే: “అయ్యగారూ, అమ్మ ఆ రోజు మీకు చెప్పిందంట గదా. మరి మీరు నన్నెందుకు పిలవలేదండి?” నా దగ్గర జవాబు లేదు. నెలకొకసారి వెళ్తున్నాను. వాడు ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.