వినేవాని ప్రతిభ

రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ప్రతిభను రెండు విధాలుగా విభజించినాడు. కావ్యాన్ని సృష్టించే ప్రతిభ కారయిత్రి. దానిని గుర్తించి హృదయానికి తెచ్చుకొనే ప్రతిభ భావయిత్రి. కవి పెంచిన చెట్టు ఫలించడానికి ఈ రెండవదే కారణమనీ, అది లేనినాడు ఆ చెట్టు గొడ్డుచెట్టేననీ ఆయన అభిప్రాయం. అంతటితో ఊరుకోక భావకులను నాలుగు తరగతులు చేసినాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. అన్నంతోపాటు గడ్డిని కూడా మింగేవాడు సతృణాభ్యవహారి. పరుల గుణం చూసి ఓర్వలేనివాడు మత్సరి. గుణదోషాలు విడదీసి సారాన్ని పట్టుకొనేవాడు తత్త్వాభినివేశి. ఈ కడపటివాడు వేయిమందిలో ఒక్కడుంటే ఉన్నట్లు.

ఇది చదివినప్పుడల్లా ఆ రెండవవాని విషయంలో రాజశేఖరునితో పేచీ పెట్టుకోవాలని నాకు అనిపిస్తూ ఉంటుంది. పేరు పడిన కావ్యాలనే చదివేవానికి గడ్డి తినవలసిన అగత్యం లేదు; ముందటివారెవరో ఏరి పెట్టినారు. కాని ఇంకా పేరు పడనిదానిని, నిన్న రాత్రి పుట్టినదానిని వెదకబోయేవాని గతి ఏమి? గడ్డినంతా నమలకుండా అతనికి గింజ దొరికేది ఎట్లా? ఈ సందేహానికి నిలువెత్తు నిదర్శనంగా ఒక మనిషి ముప్పది ఏడేండ్లపాటు లండనులో బి.బి.సి. మైకు ముందు కూర్చున్నాడు. ఆయన పేరు జాన్ పీల్.

అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రేవెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న లివర్‌పూలుకు సమీపంలోని హెస్వాల్‌లో పుట్టినాడు. తండ్రి ప్రత్తి వర్తకుడు. మన గుంటూరువారికి తెలిసిన వ్యాపారమే. 1960లో పీల్ అమెరికా వెళ్ళినాడు. బీటిల్స్ పేరు ఆ దేశాన్ని ఊపివేసిన 1964లో, లివర్‌పూలు ప్రాంతపువాడు కావడమే అర్హతగా డల్లాసు రేడియోలో మాట్లాడడం మొదలుపెట్టినాడు. 1967లో స్వదేశానికి వచ్చి, సముద్రంలో లంగరు వేసిన ఓడ మీదనుండి లైసెన్సు లేకుండా ప్రసారం చేసే ‘రేడియో లండన్’లో అర్ధరాత్రి కార్యక్రమం నడిపినాడు. ప్రభుత్వం చట్టం తెచ్చినది. ఆగస్టులో ఓడ మూగబోయినది. సెప్టెంబరు 30న బి.బి.సి. వారి ‘రేడియో 1’ ప్రారంభం కాగా పీల్ అందులో చేరినాడు. మరణించేవరకు దానిని విడువలేదు.

ఆ రోజులలో బి.బి.సి.కి ఒక చిక్కు ఉండేది. గ్రామఫోను రికార్డులను రోజుకు ఇన్ని గంటలకు మించి వినిపించరాదని రికార్డుల కంపెనీలతోను, వాద్యకారుల సంఘంతోను ఒప్పందం. ‘సూది కాలం’ అని దానికి వాడుక పేరు. మిగిలిన వేళను పూరించాలంటే గాయకులను స్టూడియోకు పిలిచి పాడించుకోవలసిందే. మన దేశంలోనూ 1952 తరువాత కేస్కర్ గారి హయాంలో సినిమా పాట ఆకాశవాణికి దూరమైనప్పుడే కదా, లలిత సంగీతానికి అక్కడ పీట పడినది! పీల్ ఈ ఇబ్బందిని వరం చేసుకొన్నాడు. ఇంకా ఒక్క రికార్డయినా లేని కుర్రవాళ్ళకు కబురు వెళ్ళేది. గిటార్లు, డ్రమ్ములు వ్యానులో వేసుకొని వాళ్ళు మైడా వేల్ స్టూడియోకు వచ్చేవారు. సాధారణంగా నాలుగు పాటలు, ఒక్క దినం. మెరుగులు దిద్దుకొనే వ్యవధి ఉండేది కాదు. కనుక వాళ్ళు ఏమిటో అదే టేపు మీద నిలిచేది. ఈ విధంగా నాలుగువేలకు పైగా సెషన్లు జరిగినవి, రెండువేలకు పైబడిన బృందాలు, గాయకులు పాడినారు. వారిలో అత్యధికుల పేర్లు ఈనాడు ఎవరికీ తెలియవు. ఇది లోపంగా చెప్పడం లేదు. డేవిడ్ బౌవీ ఒక్కడు కావాలని కూర్చున్నవానికి ఆ ఒక్కడూ దొరకడు.

‘ఇండీ’ అనే మాట ఈనాటి యువకుల నోట తరచుగా వినవస్తున్నది. పెద్ద కంపెనీల గడప త్రొక్కకుండా స్వతంత్రంగా పాడుకొని, స్వతంత్రంగా అమ్ముకొనేవారి సంగీతమని దానికి మొదటి అర్థం. 1977 జనవరిలో మాంచెస్టరులోని బజ్‌కాక్స్ అనే బృందంవారు ఇంటివారి దగ్గర, స్నేహితుల దగ్గర 500 పౌనులు అప్పు తెచ్చి, నాలుగు పాటల రికార్డును వేయి ప్రతులు వేయించుకొన్నారు. అప్పు చేసి కావ్యం అచ్చు వేసుకొని సంచిలో మోసుకొని తిరిగిన మన కవులకు ఇందులో వింత ఏమీ కనబడదు. వింత అల్లా ఆ రికార్డు క్రమంగా పదహారువేల వరకు అమ్ముడుపోవడమే. అది చూచి ఊరూరా కుర్రవాళ్ళు సొంత రికార్డులు వేయడం సాగించినారు. వాటిని ఏ పెద్ద దుకాణమూ ఉంచదు, ఏ పెద్ద పత్రికా పేర్కొనదు. ఒక్కచోటికి మాత్రం అవి కట్టలు కట్టలుగా చేరేవి: పీల్ బల్ల మీదికి.

అటువంటి ఒక రికార్డు కథ చెప్పవలసి ఉన్నది. ఉత్తర ఐర్లండులో డెర్రీ అనే ఊరు. ఆ కాలంలో అక్కడ వీధికొక సైనికుడు, వారానికొక విషాదం. ఆ ఊరి కుర్రవాళ్ళు అయిదుగురు అండర్‌టోన్స్ అని పేరు పెట్టుకొని, 1978లో బెల్‌ఫాస్టు వెళ్ళి ‘టీనేజ్ కిక్స్’ అనే పాటను రికార్డు చేసినారు. అందులో తుపాకి లేదు, రాజకీయం లేదు. ఒక కుర్రవానికి ఒక పిల్ల మీద కలిగిన తహతహ ఉన్నది, అంతే. బెల్‌ఫాస్టులో రికార్డుల దుకాణం నడిపే టెరీ హూలీ దానిని తన ‘గుడ్ వైబ్రేషన్స్’ ముద్రతో విడుదల చేసినాడు. దానిని చంకన పెట్టుకొని లండను కంపెనీల మెట్లు ఎక్కి దిగినాడు. ఒక్కరికీ రుచించలేదు. అరోచకులకు ఏనాడూ కొదవ లేదు కదా! ఆ సెప్టెంబరులో ఒక రాత్రి పీల్ ఆ పాట వినిపించినాడు. రెండున్నర నిమిషాలలో అయిపోయినది. వెంటనే, దానినే మళ్ళీ మొదటినుండి వినిపించినాడు. అమెరికాలోని సైర్ రికార్డుల అధిపతి సీమూర్ స్టైన్ పీల్ కార్యక్రమంలో ఆ పాట విని డెర్రీకి మనిషిని పంపినాడు. కుర్రవాళ్ళ బ్రతుకు మారినది. తన జీవితంలో విన్న పాటలలోకెల్లా అదే తనకు మిన్న అని పీల్ కడవరకు చెబుతూ వచ్చినాడు.

ఆ రెండవసారి వినిపించడమే నన్ను ఆకర్షించే విషయం. ఒక పాట బాగున్నదని చెప్పడానికి విమర్శకునికి నాలుగు పేజీలు కావాలి. ఆయన ఒక్క మాటయినా వాడకుండా ఆ పని చేసినాడు.

పీల్ ఖండాంతరాలకు కూడ వినవచ్చేవాడు. బి.బి.సి. వరల్డ్ సర్వీసులో ఆయనకు చాలాకాలం ఒక కార్యక్రమం ఉండేది. మా ఇంటి షార్ట్‌వేవు రేడియోలో, గరగరల నడుమ ఆ తాపీ అయిన గొంతు వినబడేది. గొప్పలు చెప్పుకోని, ఎవరినీ తొందరపెట్టని గొంతు. ఆ వెనుక వచ్చే సంగీతం మాత్రం తాపీ అయినది కాదు. “ఒరే, రేకుల కప్పు మీద రాళ్ళు పడుతున్నట్టున్నదిరా, కాస్త తగ్గించు” అని తాతగారు పడకకుర్చీలోనుండి కేకవేసేవారు. మరుక్షణంలో జింబాబ్వేనుండి భుండు బాయ్స్ గిటార్లు జలజల పారేవి. తాతగారు కేక వేయడం మానుకొని పాదం కదిపేవారు. ఆ రెంటినీ ప్రక్కప్రక్కన ఉంచడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు నాకు తెలియదు.

రాళ్ళ మాట వచ్చినది గనుక గడ్డి మాట కూడ ఒప్పుకోవలసిందే. 1987లో నేపామ్ డెత్ అనే బృందాన్ని సెషనుకు పిలిచినాడు. వారి పాటలలో ఒకటి రెండు సెకన్లయినా నిండదు. దానిని సంగీతమనడానికి నాకు ఈనాటికీ మనసొప్పదు. రికార్డును పొరపాటున తప్పు వేగంలో త్రిప్పడం కూడ ఆయనకు అలవాటు. 1983లో బిల్లీ బ్రాగ్ అనే గాయకుడు, తనకు ఆకలిగా ఉన్నదనీ పుట్టగొడుగుల బిరియానీ తినాలని ఉన్నదనీ పీల్ రేడియోలో అనగా విని, ఆ బిరియానీనీ తన తొలి రికార్డునూ పట్టుకొని బి.బి.సి. ద్వారం దగ్గరకు పరుగెత్తినాడు. పీల్ ఆ రాత్రే అందులో ఒక పాట వినిపించినాడు, తప్పు వేగంలో! బిరియానీ లేకపోయినా వినిపించేవాడినేనని తరువాత చెప్పుకొన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను.

అయితే ఈ వ్రతానికి మూల్యం లేకపోలేదు. 1976లో అమెరికానుండి రామోన్స్ బృందం తొలి రికార్డు వచ్చినప్పుడు పీల్ పాత శ్రోతలు మండిపడినారు. దీర్ఘమైన వాద్య విన్యాసాలకు అలవాటుపడిన చెవులకు ఆ రెండు నిమిషాల మోత అపచారంగా తోచినది. ఉత్తరాలు వచ్చినవి. తనను పెంచిన శ్రోతలను పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధపడినాడు. మార్క్ బోలన్ సంగతి ఇంతకంటె బాధాకరమైనది. అనామకుడుగా ఉన్ననాడు బోలన్‌ను నెత్తిన పెట్టుకొని ప్రచారం చేసినవాడు పీల్. ఇద్దరూ ప్రాణమిత్రులు. 1971లో ‘గెట్ ఇట్ ఆన్’ దేశమంతటా మారుమ్రోగినది; పీల్‌కు మాత్రం అది నచ్చలేదు, నచ్చలేదని దాచుకోలేదు. స్నేహం చల్లబడినది. నిజంగా పాట నచ్చకపోవడమేనా, లేక తన ఇంటి మల్లెతీగ ఊరందరి పందిళ్ళకు ప్రాకినదన్న చిన్న అసూయ ఏమయినా ఉన్నదా? తాను కనిపెట్టిన గాయకుని పేరు ప్రతివాడూ పలుకుతుంటే మనసులో చివుక్కుమనడం ఎవరికి అనుభవం కాదు! రాజశేఖరుని మత్సరి అంత దూరపువాడేమీ కాడు.

ఈనాడు కొత్త గాయకుని వెదికిపెట్టే పనిని యంత్రాలు చేస్తున్నవి. 2015నుండి స్పాటిఫై వారు వారం వారం ఎవరి జాబితా వారికి వడ్డిస్తున్నారు. నేనూ వాడుకొంటున్నాను, నిందించను. అది మన వెనుకటి రుచులను, మనవంటి రుచి గలవారి రుచులను కొలిచి, వాటికి చుట్టమైనదానిని తెచ్చి పెడుతుంది. తాతగారి రేడియోను అది రాళ్ళచప్పుడు దగ్గరే ఆపివేసి ఉండేది, భుండు బాయ్స్ వరకు పోనిచ్చేది కాదు.

2004 అక్టోబరు 25న పెరూ దేశంలోని కూస్కోలో గుండె ఆగి పీల్ మరణించినాడు. వయస్సు 65. సఫోక్ మండలంలో గ్రేట్ ఫిన్‌బరో చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉన్నది. డెర్రీ కుర్రవాళ్ళ ఆ పాటలోని ఒక పంక్తిని రాతి మీద చెక్కినారు. ఆయన ఇంట ఇరువదిఆరువేల పెద్ద రికార్డులు, నలుబదివేల చిన్న రికార్డులు మిగిలినవి. పెద్ద రికార్డులకు ఆయనే టైపు కొట్టిన కార్డులు ఉన్నవి. 2012లో అక్షరానికి నూరు చొప్పున వాటిని లోకానికి చూపించినారు. కార్డు మీద బృందం పేరు, పాటల పేర్లు, ఒక వరుస అంకె. ఆ అంకె వచ్చిన క్రమాన్ని బట్టి వేసినది గాని పేరును బట్టి వేసినది కాదు. జగత్ప్రసిద్ధుల కార్డు ఎంత కొలత ఉన్నదో, ఒక్క రికార్డు వేసి ఏమైపోయినారో తెలియని కుర్రవాళ్ళ కార్డూ అంతే కొలత.